పిట్టకు పెట్టిన గ్రేవీ

హోటల్లో కూర తిని, వేళ్ళు నాకుతూ మెచ్చుకునేవాళ్ళెవరికీ నేను తెలియను. కూర వండేది నేను కాదు. కూర అడుగున ఉండే గ్రేవీ నాది. దోహాలో, అల్ మన్సూరాలో మా హోటల్ మెనూ తెరిస్తే పేర్లు చదవలేక కళ్ళు నొప్పి పుడతాయి. బటర్ చికెన్, కడాయి పనీర్, ఎగ్ మసాలా, ఇంకా నోరు తిరగనివి బోలెడు. అన్నిటికీ అడుగున ఉండేది పొద్దున్నే నేను దేగిశలో, ఆ పెద్ద గిన్నెలో, కాచిన ఎర్ర గ్రేవీయే. దానికి ఒకచోట క్రీమ్ కలుస్తుంది, ఒకచోట క్యాప్సికమ్ కలుస్తుంది, పేరు మారుతుంది, ధర మారుతుంది. పెళ్ళొకరిది, మేళం ఇంకొకరిది అని నేను లోపల గొణుక్కుంటూ ఉల్లిగడ్డలు తరుగుతుంటాను.

ఈ పని నాకు నేర్పింది మా ఉస్తాద్. వంటగదికి ఆయనే పెద్ద. నిజామాబాద్ వైపు మనిషి, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడి పెరిగినవాడు. నేను మొదట సైటు పనికి వచ్చాను. ఎండకు ఒళ్ళు తట్టుకోలేక క్యాంప్‌లో మూలుగుతున్న రోజుల్లో, ఏషియన్ టౌన్‌లో చాయ్ దగ్గర మా యాస విని పలకరించాడు. తర్వాత కంపెనీ మారే దారి చూపించి, నన్ను తన పొయ్యి దగ్గరికి తెచ్చుకున్నాడు.

గ్రేవీ మంచిదో కాదో నాలుక మీద వేసుకుని ఎవరైనా చెబుతారు. ఉస్తాద్ నాలుక మీద వేసుకోకుండా చెబుతాడు. అది ఆయనకు రంజాన్ నేర్పిన విద్య. ఆ నెలంతా పగలు ఉపవాసం, సాయంత్రం ఇఫ్తార్‌కు మా హోటల్ నుంచి పెద్ద పెద్ద గిన్నెలు పోవాలి. వంటవాడు నాలుక చివర పెట్టుకుని ఉమ్మేస్తే తప్పులేదని వాళ్ళలో కొందరు అంటారట. ఆయన ఒప్పుకోడు.

"ఒక్కపొద్దు నాలికెకు బేటా, చెవులకు కాదు. వినుకుంట వండు" అంటాడు.

నాకు మొదట్లో నవ్వొచ్చింది. వినుకుంటూ వండటానికి అదేమన్నా హరికథా అనుకున్నాను. కానీ ఆయన పక్కన నిలబడి వినగా వినగా నాకూ తెలిసింది. ఉల్లిగడ్డలో, టమాటాలో నీళ్ళున్నంతసేపు దేగిశ టపటపా చిందుతూ గోల చేస్తుంది. మన చేతుల మీద బొబ్బలు లేచేది అప్పుడే. నీళ్ళు తగ్గేకొద్దీ దాని గొంతు దిగుతుంది, బుడగలు బరువుగా లేచి గుబుక్కు గుబుక్కుమని పగులుతాయి. చివరికి మధ్యలో చప్పుడంతా అణిగిపోయి, అంచుల్లో మాత్రం సన్నగా చిటచిటమంటుంది. అది నూనె పైకి తేలిన చప్పుడు. అప్పుడు గరిటెతో అడుగు గీస్తే గీసిన దారి వెంటనే మూసుకోదు. తెల్ల ప్లేటులో ఒక చుక్క వేసి వంచితే చుక్క చుట్టూ నీళ్ళ చెమ్మ కనబడదు. ఈ మూడూ కుదిరితేనే ఆయన పొయ్యి ఆపనిస్తాడు.

తొందరపడి దింపిన గ్రేవీ చూడటానికి బాగానే ఉంటుంది. అసలు సంగతి తిన్నవాడు ఇంటికి పోయాక బయటపడుతుంది, త్రేన్పులో పచ్చి ఉల్లిగడ్డ వాసన వస్తుంది. "హోటల్ ఇజ్జత్ తేపుల ఉంటది" అని ఉస్తాద్ సిద్ధాంతం. మేనేజర్ బయట ఎన్ని లైట్లు పెట్టించినా ఆయన దీన్నే నమ్ముతాడు.

ఈ గ్రేవీకి మా ఊళ్ళో ఒక అభిమాని ఉండేవాడు. మా అన్న.

జగిత్యాల దగ్గర మా ఊరు. అన్న అక్కడ బోరుమోటార్లు బాగుచేసేవాడు. మంచి తిండిపుష్టి గల మనిషి, పిలవని విందుకైనా పోయి రెండోసారి వడ్డించమనేవాడు. ఒకసారి నేను సెలవు మీద ఇంటికి పోయినప్పుడు, హోటల్లో చేసినట్టే గ్రేవీ కాచి కోడికూర చేసిపెట్టాను. అన్న తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. చివరికి గిన్నె మీదికి వంచుకుని అన్నం అందులోనే కలుపుకున్నాడు. ఆరోజు నుంచి దాని పేరు దుబాయ్ కూర అయింది.

"దుబాయ్ కాదే, ఖతర్" అన్నాను.

"ఏదైతేంది, అంత దుబాయే గదరా తమ్మీ. కూర మంచిగున్నది" అన్నాడు.

తర్వాత ఆయన కిడ్నీలు చెడిపోయాయి. కాళ్ళు వాచి, చెప్పులు పట్టని స్థితి వచ్చాక గానీ ఆసుపత్రికి పోలేదు, అంత మొండి. డయాలసిస్ మొదలైంది. డాక్టర్లు ఉప్పు మానమన్నారు, మసాలా మానమన్నారు, నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగమన్నారు. ఇక మా వదిన పడ్డ పాట్లు దేవుడికే తెలియాలి. ఆయనకు వేరే పొయ్యి, వేరే గిన్నె పెట్టింది. అర్ధాకలితో లేచి ఉప్పు కోసం వెతుకుతాడని ఉప్పుడబ్బా బియ్యం బస్తాలో దాచేది. ఒకరోజు ఎవరి ఇంట్లోనో పచ్చడి ముక్క నోట్లో వేసుకుంటే, తెల్లారేసరికి కాళ్ళు మళ్ళీ ఉబ్బాయి. అప్పటినుంచి ఆమె ఆయన చేతుల వంక చూస్తూ కూర్చునేది.

తినడం పోయాక అన్నకు తిండి గురించి వినడం మిగిలింది. నాకు మధ్యాహ్నం డ్యూటీలో కాస్త సందు దొరికే వేళకు ఫోన్ చేసేవాడు. "ఇయ్యాల ఏం కూరరా?" అనేవాడు. నేను మెనూ అంతా చెప్పాలి. చెబితే చాలదు, ఎట్లా చేశావో చెప్పమనేవాడు. ఉల్లిగడ్డలు ఎంత సన్నగా తరిగావు, నూనె ఎప్పుడు తేలింది, కారం ఏ కారం, అన్నీ కావాలి. నేను చెబుతుంటే అటువైపు చప్పుడు లేకుండా వినేవాడు. ఒక్కోసారి గుటక వేసిన చప్పుడు నాకు వినబడేది. ఆ గుటక వింటే నాకు ఏడుపొచ్చేది, కానీ చెప్పడం ఆపితే కోప్పడేవాడు.

మొన్నటి సెలవులో నేను ఇంటికి పోయేసరికి సగమై ఉన్నాడు. నన్ను చూడగానే మంచీ చెడూ అడగలేదు, దుబాయ్ కూర అడిగాడు.

"ఒక్క ముద్దరా తమ్మీ. ఉప్పు, కారం సక్కగ ఏసి, ఒక్క ముద్ద."

వదిన వద్దని తల ఊపింది. నేను వదిన పక్షమే తీసుకున్నాను. బాగయ్యాక చేస్తాలే అన్నాను, బాగవుతాడని నమ్మినట్టే. అన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వాడు.

"సరే తియ్యుర్రి. సచ్చినంకనన్న పిట్టకు పెట్టుర్రి, అప్పుడు తింట" అన్నాడు.

వదిన చేతిలో ఉన్న చేట విసిరికొట్టింది. అట్లాంటి మాటలు నోట్లోంచి రానీయొద్దని ఆయన్ను తిట్టి, వెనక్కి పోయి ఏడ్చింది. నేను దోహా తిరిగొచ్చి నెల కూడా తిరగకుండానే అన్న పోయాడు.

కబురు వచ్చినప్పుడు నేను గ్రేవీ వడకడుతున్నాను. మేనేజర్ దగ్గరికి పోతే, ఇప్పుడే కదా సెలవు నుంచి వచ్చావు, మాఫీ, లేదు పొమ్మన్నాడు, చెయ్యి అడ్డంగా ఊపుతూ. ఆ చెయ్యి విరిచేయాలన్నంత కోపం వచ్చింది. అయినా ఏ విమానం ఎక్కినా నేను చేరేలోపు అన్న బూడిదే. సాయంత్రానికి దహనం అయిపోయింది. కొడుకులు లేరు, అన్న ఒక్కగానొక్క బిడ్డే తలకొరివి పెట్టింది. చదువుకునే పిల్ల, ధైర్యంగా కుండ మోసిందని అందరూ అన్నారు. నేను ఆ వేళకు డ్యూటీలో ఉన్నాను. గ్రేవీ ఆరోజు అడుగంటింది. ఉస్తాద్ దేగిశ తనే దింపి నన్ను రూముకు పంపాడు.

మా వైపు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాల్చిన చోటికి తీసుకుపోయి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని ఇంటిల్లిపాదికీ దిగులు. మూడోనాడు అన్నకు గారెలు పెట్టారు, మటన్ పెట్టారు, కల్లు పెట్టారు. కాకి వచ్చి తుమ్మచెట్టు మీద కూర్చుంది. కిందికి దిగలేదు. ఎండ ఎక్కేదాకా చూసి, పెద్దమనుషులు దండాలు పెట్టి మొక్కి, చివరికి వెనక్కి తిరిగి వచ్చేశారు.

ఆరోజే వదిన నాకు ఫోన్ చేసింది. అన్న పోయినప్పటి నుంచి ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు.

"పిట్ట ముట్టలే మరిదీ. ఆయన నీ కూర అడిగిండు గదా. నవ్వులాటకు అన్నడనుకున్నం. పదోనాడు అది పెట్టాలె. నువ్వు చెప్పు, నేను చేస్త."

చేస్తానంటే సరిపోదు, అక్కడ ఒక చిక్కుంది. పిట్టకు పెట్టేది వండేటప్పుడు రుచి చూడకూడదు. ముందు పోయినవాళ్ళు ముట్టాలి, తర్వాతే బతికున్నవాళ్ళు. మామూలు మటన్ అయితే చేతివాటం మీద వండేయొచ్చు, మా వదిన జీవితంలో ఎప్పుడూ చేయని హోటల్ గ్రేవీ రుచి చూడకుండా ఎట్లా కుదురుతుంది? ఆ మాట ఉస్తాద్‌తో అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ, "నీకు తెలిసిన పనే గద బేటా. రంజాన్ల ఒక్కపొద్దుండి వండుతలేమా?" అన్నాడు.

నిజమే. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క గిన్నె కోసమే అనిపించింది. చూసి, విని చెప్పాలి. అన్నకు నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. పాడె మోయలేదు, చితి మీద ఒక కట్టె వేయలేదు. ఈ గ్రేవీ కుదిరి, ఆ కాకి దిగివస్తే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

పదోనాడు ఇక్కడ తెల్లవారేసరికి అక్కడ పొద్దెక్కింది. మా బిల్డింగ్ మెట్ల మీద సిగ్నల్ బాగుంటుంది. అక్కడ కూర్చుని వీడియో కాల్ కలిపాను. ఉస్తాద్ ఫజర్ నమాజ్ చేసుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. అక్కడ ఫోన్ అన్న బిడ్డ పట్టుకుంది. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద చిన్న గిన్నె. వదిన మొహం చూడలేకపోయాను, ఆమె చేతులనే చూశాను. ఉల్లిగడ్డలు, అల్లం వెల్లుల్లి, టమాటాలు, నాలుగు జీడిపప్పులు ఉడికించి, చల్లార్చి రుబ్బించాను. నూనెలో కారం వేసి, రుబ్బింది పోయించాను. మంట ఎక్కువైంది. కట్టె వెనక్కి లాగమన్నాను. లాగింది.

నా కళ్ళు స్క్రీన్ మీద నుంచి కదలలేదు. రంగు ఇటుకలాగా దిగుతోంది. "అయినట్టే ఉన్నది కదా ఉస్తాద్?" అన్నాను.

"చూడకు. విను" అన్నాడాయన. "బిడ్డా, ఫోన్ గిన్నె దగ్గర పెట్టు."

పిల్ల ఫోన్ కిందికి దింపింది. వెనకాల చుట్టాల మాటలు, ఎక్కడో ట్రాక్టర్ చప్పుడు, పొయ్యి చిటపట. వాటి నడుమ గ్రేవీ ఇంకా చిందుతోంది. నీళ్ళున్నాయి. ఆగమన్నాం. వదిన గరిటె తిప్పుతూనే ఉంది. పంతులు తొందరపెడుతున్నాడని ఎవరో అన్నారు, ఎవరి పని వాళ్ళకు తొందర. కాసేపటికి గొంతు దిగింది. ఇంకాసేపటికి బుడగలు బరువెక్కాయి. ఉస్తాద్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఉన్నట్టుండి నా మోకాలు నొక్కాడు. నాకూ వినబడింది, అంచుల్లో సన్నటి చిటచిట.

"చిన్నబాపూ, గరిటెతోటి గీసింది అమ్మ. గీత అట్లనే ఉన్నది" అంది పిల్ల.

"కోడిముక్కలు ఎయ్యుమను. మూతపెట్టి సన్నమంట మీద ఉంచుమను" అన్నాను. గ్రేవీ మా హోటల్ దేగిశలో ఏనాడూ అంత చక్కగా కుదరలేదు. ఉస్తాద్ "మాషా అల్లా" అన్నాడు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతోందని పిల్ల పెట్టేసింది.

మళ్ళీ వాగు దగ్గర, అన్నను కాల్చిన చోటి నుంచి చేసింది. ఎండలో విస్తరి కనబడింది, అందులో తెల్లటి అన్నం, గారెలు, పక్కన ఎర్రటి కూర. అందరూ దూరం జరిగారు. అదే తుమ్మచెట్టు. కాకి ఒకటి వచ్చి కొమ్మ మీద వాలింది, తల అటూ ఇటూ తిప్పింది, నేరుగా విస్తరి దగ్గరికి దిగింది. గారె వంక చూడలేదు. ఎర్ర కూరలో ముక్కు పెట్టి ఒక ముక్క లాగి, గ్రేవీ కారుతుండగా ఎత్తుకుపోయింది. అక్కడ ఒక్కసారిగా ఏడుపులు, దండాలు. పిల్ల "తిన్నడు చిన్నబాపూ, బాపు తిన్నడు" అని ఫోన్‌లోనే వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అన్న పోయాక నాకు కడుపునిండా ఏడుపు వచ్చింది ఆరోజే. ఉస్తాద్ నా వీపు మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచాడు.

ఆరోజు డ్యూటీకి తేలికైన మనసుతో పోయాను. మధ్యాహ్నం జనం కిక్కిరిశారు. కూరల పొయ్యి మీద ఉండేది గోదావరి జిల్లా ఆయన, ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకుపోయే మనిషి. "ఇంకో రెండు గరిటెలు గ్రేవీ ఇటివ్వండి గురూగారూ" అన్నాడు. ఇచ్చాను. ఆయన పెనంలో గ్రేవీ పోశాడు, ముక్కలు వేశాడు, పక్కనున్న గిన్నెలోకి మూడు వేళ్ళు పోనిచ్చి ఉప్పు తీసి చల్లాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

గ్రేవీలో మేం ఉప్పు వేయం. చాలా హోటళ్ళలో వేయరు. ఒకే గ్రేవీ అన్ని కూరలకూ పోతుంది, ఒకదాంట్లో ఉప్పు వెన్న పడుతుంది, ఒకదాంట్లో ఉప్పు పట్టించిన ముక్కలు పడతాయి. అందుకే ఉప్పు ఎప్పుడూ కూరల పొయ్యివాడిది. ఊళ్ళో చేసిననాడు రుచి చూసుకుంటూ వేశాను గానీ, ఇక్కడ ఇన్నేళ్ళుగా నా చేతికి ఆ అవసరమే రాలేదు. పొద్దున నా పక్కనే కూర్చున్న ఉస్తాద్ చెవులు కూడా గ్రేవీ చెవులే. ఇద్దరం కలిసి నీళ్ళు విన్నాం, నూనె విన్నాం, గీత చూశాం, రంగు చూశాం. ఉప్పుకు చప్పుడు లేదు, రంగు లేదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. చిన్నప్పటినుంచి విన్న సామెతే, నా తల మీదే వచ్చి పడింది.

అన్న రెండేళ్ళు చప్పిడి కూడు తిన్నాడు. ఉప్పు కోసం పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఉప్పు, కారం సక్కగ ఏసి, ఒక్క ముద్ద అన్నాడు. చచ్చాక కూడా నేను ఆయనకు చప్పిడి కూడే పెట్టించాను. గరిటె అక్కడ పడేసి వెనక గుమ్మం దగ్గరికి వచ్చేశాను. కార్డ్‌బోర్డ్ డబ్బాల మధ్య నిలబడి వదినకు ఫోన్ చేశాను. చుట్టాలు భోజనాలు చేస్తున్నారని, ఇప్పుడిప్పుడే కాస్త కూర్చున్నానని చెప్పింది.

"వదినె, ఆ కూరల ఉప్పు..."

అటువైపు ఆమె చుట్టాల మాటలకు దూరంగా జరిగింది.

"ఎయ్యలే" అంది.

"నేను చెప్పలే వదినె. మా దగ్గర గ్రేవీల ఎయ్యరు. నాకు యాదికే రాలే."

"నువ్వు చెప్పకుంటే నాకు తెల్వదా మరిదీ? పెండ్లైన కాన్నుంచి వండుతనే ఉన్న. ముక్కలు ఏసినంక ఉప్పుడబ్బ తెచ్చిన. పిడికిట్ల తీసి పట్టుకున్న గూడ. ఆయనకు పెట్టే గిన్నెల ఎయ్యనీకె చెయ్యి రాలే. మళ్ల కాళ్ళు వాస్తయేమో అనిపిచ్చింది."

ఆ మాట అన్నాక ఆమెకే తను ఏమన్నదో తెలిసినట్టుంది, ఇక ఆపుకోలేకపోయింది.

"మంచిగ చేసినవ్ వదినె" అన్నాను. లోపలి నుంచి గ్రేవీ, గ్రేవీ అని ఎవరో కేకలు వేస్తున్నారు. ఆమె ఏడుపు అయ్యేదాకా నేను ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.